బీబీసీ మైక్రోలో వెనకబడని టైమర్ రాసుకోవడం ఎలా?

భీమవరం నుంచి అడిగినా అమలాపురం నుంచి అడిగినా ప్రశ్న ఒకటే. "సెకనుకోసారి బీప్ కొట్టే ప్రోగ్రాం రాశాను. గంటసేపు నడిచేసరికి అర నిమిషం వెనకబడుతోంది. క్రిస్టల్ పాడైందా?" యంత్రం వేగాన్ని నిలిపే క్రిస్టల్ పాడవలేదు. అంత తేడా క్రిస్టల్ వల్ల రాదు, ప్రోగ్రాం రాసిన పద్ధతి వల్ల వస్తుంది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతాదంతా సులువు.

బడి పిల్లలకు కంప్యూటర్ నేర్పడానికి 1984లో మొదలైన క్లాస్ పథకం కింద మన బడులకు వచ్చిన కంప్యూటర్లు బీబీసీ మైక్రోలే. సెమీకండక్టర్ కాంప్లెక్స్ లిమిటెడ్ లైసెన్సు తీసుకుని వాటిని యూనికార్న్ పేరుతో ఇక్కడే తయారు చేసింది. మన డెల్టాలో ఇంకా ఎక్కడైనా బడి స్టోరు గదిలో ఒకటి దొరికితే వదలకండి. టైమర్ పని నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి యంత్రం నాకు తెలియదు. ఆపరేటింగ్ సిస్టమ్ మనకు ఏమిస్తుంది, చిప్పు ఏమిస్తుంది అన్నది ఇందులో విడివిడిగా కనబడుతుంది.

కావలసినవి

మోడల్ బి యంత్రం, అందులో ఆపరేటింగ్ సిస్టమ్ 1.20. వెర్షన్ తెలియకపోతే స్టార్ ఎఫ్ఎక్స్ 0 (స్టార్ అంటే * గుర్తు) కొట్టండి, తెర మీద చెబుతుంది. యంత్రం లేకపోతే బీబ్ఎమ్, జేఎస్‌బీబ్ లాంటి ఎమ్యులేటర్ (ఆ యంత్రంలా నడిచే ప్రోగ్రాం) సరిపోతుంది, చివర్లోని మల్టీమీటర్, ఫోను పరీక్షలకు తప్ప. ఫ్రీక్వెన్సీ కొలిచే మల్టీమీటర్ ఒకటి. స్టాప్‌వాచ్ ఉన్న ఫోను. బేసిక్‌లోని అసెంబ్లర్‌తో కొద్దిగా పరిచయం.

ఎన్నో ఏళ్లు మూలన పడి ఉన్న యంత్రమైతే ముందే ప్లగ్గు పెట్టకండి. పవర్ సప్లైలో మెయిన్స్ వైపు ఉండే ఫిల్టర్ కెపాసిటర్ల పై తొడుగు వయసుతో పగులుతుంది, చెమ్మ లోపలికి పోతుంది. కరెంటు ఇచ్చిన కాసేపటికి ఘాటైన పొగ వస్తుంది. మన గాలిలో చెమ్మ ఎంతో మీకు చెప్పక్కర్లేదు. ఆ కెపాసిటర్లు కొత్తవి వేయించాకే స్విచ్ వేయండి. పవర్ సప్లై విప్పే పని మాత్రం తెలిసిన మెకానిక్‌కే ఇవ్వండి, లోపల 230 వోల్టులుంటాయి.

ఆదేశాల పేర్లు ఇక్కడ పలికినట్టు తెలుగులో రాశాను, కీబోర్డు మీద వాటి ఇంగ్లిష్ అక్షరాలే కొట్టాలి. చిరునామాలన్నీ దశాంశంలో ఇచ్చాను, బేసిక్ వాటిని అలాగే తీసుకుంటుంది.

1. ఏ టైమర్ కావాలో ముందు తేల్చుకోండి

క్విజ్ గంట, వంటింటి అలారం, తెర మీద గడియారం లాంటి వాటికి సెకనులో నూరో వంతు చాలు. అందుకు బేసిక్‌లోని టైమ్ సరిపోతుంది (2వ అడుగు). ప్రోగ్రాం వేరే పనిలో ఉన్నా గంట కొట్టాలంటే ఇంటర్వల్ టైమర్ కావాలి (3వ అడుగు). లోలకం, జారే బండి, స్విచ్ నొక్కే వేగం లాంటివి వెయ్యో వంతులో కొలవాలంటే వీఐఏ (బయటి పరికరాలతో కలిపే, టైమర్లున్న చిప్పు) లోని టైమర్ 1 కావాలి (4వ అడుగు నుంచి). చిన్న పనికి పెద్ద టైమర్ వాడితే తప్పుకు చోటు పెరుగుతుంది తప్ప లాభం లేదు.

చాలామంది అడిగే ఇంకో మాట: రొయ్యల చెరువు ఏరేటర్లను దీనితో ఆన్, ఆఫ్ చేయవచ్చా? వద్దు. కరెంటు పోయి వస్తే మోడల్ బి గడియారం సున్నా నుంచి మొదలవుతుంది, దానికి బ్యాటరీ గడియారం లేదు. రాత్రిపూట ప్రోగ్రాం ఒకచోట ఆగిపోతే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారేసరికి చెరువు పోతుంది. ఆ పనికి మోటారు ప్యానెల్‌లో పెట్టే మామూలు టైమర్ స్విచ్చే సరైనది.

2. టైమ్‌ను సున్నా చేయడం మానేయండి

అందరూ రాసేది ఇలా ఉంటుంది: టైమ్ = 0, టైమ్ 100 అయ్యేదాకా ఆగు, బీప్ కొట్టు, మళ్లీ టైమ్ = 0. చూడటానికి బాగానే ఉంది. కానీ 100 అయ్యిందని బేసిక్ గమనించడానికి, బీప్ కొట్టడానికి, మళ్లీ పైకి రావడానికి కొంత సమయం పడుతుంది. టైమ్‌ను సున్నా చేసిన ప్రతిసారీ ఆ సమయం లెక్కలోంచి జారిపోతుంది. సెకనుకు నూరో వంతు పోతే గంటకు 36 సెకన్లు పోయినట్టే. కాలువ గట్టును టేపుతో కొలుస్తూ, టేపు ఎత్తి పెట్టిన ప్రతిచోటా జానెడు వదిలేసినట్టు అన్నమాట.

దీనికి మందు చిన్నదే:

తరువాతి = టైమ్ + 100
రిపీట్
రిపీట్ అంటిల్ టైమ్ >= తరువాతి
బీప్
తరువాతి = తరువాతి + 100
అంటిల్ ఫాల్స్

గడియారాన్ని ముట్టుకోం, గడువును మాత్రమే ముందుకు జరుపుతాం. ఒక బీప్ కాస్త ఆలస్యమైనా తర్వాతి బీప్ తన సమయానికే వస్తుంది. ఆలస్యం ఉంటుంది కానీ పేరుకోదు.

ఇక్కడ రెండు తప్పులు తరచుగా చూస్తాను. మొదటిది >= బదులు = వాడటం. బేసిక్ చూసేలోపు టైమ్ 100 దాటి 101 అయితే ఆ లూప్ ఇక ఆగదు. రెండోది, గడువు జరిపేటప్పుడు "తరువాతి + 100" బదులు "టైమ్ + 100" అని రాయడం. అలా రాస్తే పాత జబ్బు వెనక తలుపు నుంచి వచ్చినట్టే.

3. ఇంటర్వల్ టైమర్, ఈవెంట్

ఆపరేటింగ్ సిస్టమ్ సెకనుకు 100 సార్లు వచ్చే ఇంటరప్ట్ (చేస్తున్న పనిని కాసేపు ఆపించే సంకేతం, దాన్నే టిక్కు అంటాను) మీద బతుకుతుంది. అదే ఇంటరప్ట్‌లో ఐదు బైట్ల ఇంటర్వల్ టైమర్‌ను కూడా ఒకటి చొప్పున పెంచుతుంది. అది సున్నాకు చేరగానే, మీరు అనుమతి ఇచ్చి ఉంటే, 5వ నంబరు ఈవెంట్ (ఏదో జరిగిందని ప్రోగ్రాంకు ఇచ్చే కబురు) లేపుతుంది. పైకి లెక్కించే టైమర్ కాబట్టి అందులో రుణ సంఖ్య పెట్టాలి. సెకను కావాలంటే −100, అంటే చిన్న బైట్ ముందు వచ్చేలా 156, 255, 255, 255, 255. ఐదు సెకన్లకైతే 12, 254, 255, 255, 255. ధన సంఖ్య పెట్టినవాళ్లకు ఈవెంట్ ఎప్పటికీ రాదు. "పని చేయడం లేదు" అని వచ్చేవాటిలో ముందుగా చూడాల్సింది ఇదే.

చేయాల్సిన వరుస: హ్యాండ్లర్ (ఆ కబురు రాగానే నడిచే చిన్న రొటీన్) కోడ్‌ను అసెంబుల్ చేయండి. దాని చిరునామాను 544, 545లలో పెట్టండి. ఓఎస్‌వర్డ్ 4తో టైమర్‌లో విలువ వేయండి (ప్రాసెసర్ రిజిస్టర్లలో ఏలో 4, ఎక్స్, వైలలో బ్లాక్ చిరునామా, పిలవాల్సిన చోటు 65521). చివరగా స్టార్ ఎఫ్ఎక్స్ 14,5తో అనుమతి ఇవ్వండి. ఈ వరుస తిరగబడితే, అంటే చిరునామా పెట్టకముందే అనుమతి ఇస్తే, ఈవెంట్ వచ్చినప్పుడు మీ కోడ్ దగ్గరికి పోదు.

హ్యాండ్లర్‌లోకి వచ్చేటప్పుడు ఏలో ఈవెంట్ నంబరు ఉంటుంది. ఫ్లాగులను, ఏ, ఎక్స్, వై మూడింటినీ స్టాక్ మీద దాచండి. నంబరు 5 అవునో కాదో చూడండి. అవునంటే ఓఎస్‌వర్డ్ 4తో మళ్లీ −100 వేసి, ఒక జెండా బైట్‌ను పెంచి, దాచినవన్నీ తిరిగి తీసి ఆర్‌టీఎస్‌తో బయటపడండి. బీప్ కొట్టడం, తెర మీద రాయడం ప్రధాన ప్రోగ్రాం ఆ జెండాను చూసి చేయాలి. హ్యాండ్లర్ నడుస్తున్నంతసేపూ ఇంటరప్ట్‌లు ఆగి ఉంటాయి కాబట్టి ఒకటి రెండు మిల్లీసెకన్లు మించనివ్వకండి.

మళ్లీ విలువ వేయడం హ్యాండ్లర్‌లోనే ఎందుకంటే, అది టిక్కు జరుగుతున్న క్షణంలోనే జరుగుతుంది, తర్వాతి టిక్కు రావడానికి ఇంకా దాదాపు 10 మిల్లీసెకన్లు ఉంటుంది. సరిగ్గా 100 టిక్కులకు మళ్లీ ఈవెంట్ వస్తుంది. అదే పని బేసిక్‌లోకి తెచ్చారంటే 2వ అడుగులో చెప్పిన నష్టం మళ్లీ మొదలు.

4. మిల్లీసెకను టైమర్: లెక్క

ఇక అసలు పని. యంత్రంలో 6522 వీఐఏ చిప్పులు రెండున్నాయి. సిస్టమ్ వీఐఏను ఆపరేటింగ్ సిస్టమ్ వాడుకుంటుంది, దాన్ని వదిలేయండి. యూజర్ వీఐఏ 65120 దగ్గర మొదలవుతుంది, అందులోని టైమర్ 1 మనది. అది 1 మెగాహెర్ట్జ్ వేగంతో, అంటే మైక్రోసెకనుకు ఒకటి చొప్పున కిందికి లెక్కిస్తుంది. సున్నా దాటాక తన విలువను తానే మళ్లీ నింపుకుంటుంది. మన ప్రోగ్రాం ఆలస్యంగా చూసినా లెక్క ఆగదు. నిఖార్సైన టైమర్‌కు పునాది ఇదే: మళ్లీ నింపే పని సాఫ్ట్‌వేర్ చేతిలో ఉండకూడదు.

అయితే ఒక చుట్టుకు పట్టేది మీరు వేసిన సంఖ్య కాదు, దానికి 2 ఎక్కువ. 1000 మైక్రోసెకన్లు కావాలంటే 998 వేయాలి. ఆపరేటింగ్ సిస్టమ్ కూడా తన 10 మిల్లీసెకన్ల టిక్కు కోసం 9998 వేస్తుంది. మీరు 1000 వేస్తే చుట్టు 1002 అవుతుంది, గంటకు 7.2 సెకన్లు వెనకబడతారు. 998 అంటే పై బైట్ 3, కింది బైట్ 230.

5. కోడ్

జీరో పేజీలో, అంటే మెమరీలోని మొదటి 256 బైట్లలో, 112 నుంచి 143 వరకు బేసిక్ మనకు వదిలేస్తుంది. లెక్క 112–115లో, పాత వెక్టర్ (ఇంటరప్ట్ రాగానే దూకాల్సిన చోటి చిరునామా) 116–117లో, చదువుకునే నకలు 120–123లో పెడదాం. డిమ్‌తో కొంత చోటు తీసుకుని, ముందుకు దూకే లేబుల్స్ ఉన్నాయి కాబట్టి అసెంబ్లర్‌ను రెండు పాస్‌లు నడపండి.

మొదలు:
ఎస్ఈఐ
516, 517లలో ఉన్నది 116, 117లలో దాచు
హ్యాండ్లర్ చిరునామా 516, 517లలో పెట్టు
ఎల్‌డీఏ 65131 : ఏఎన్‌డీ #63 : ఓఆర్ఏ #64 : ఎస్‌టీఏ 65131
ఎల్‌డీఏ #230 : ఎస్‌టీఏ 65124
ఎల్‌డీఏ #3 : ఎస్‌టీఏ 65125
ఎల్‌డీఏ #192 : ఎస్‌టీఏ 65134
సీఎల్ఐ : ఆర్‌టీఎస్

హ్యాండ్లర్:
ఎల్‌డీఏ 65133 : ఏఎన్‌డీ #64 : బీఈక్యూ మనదికాదు
ఎల్‌డీఏ 65124
ఐఎన్‌సీ 112 : బీఎన్ఈ అయింది
ఐఎన్‌సీ 113 : బీఎన్ఈ అయింది
ఐఎన్‌సీ 114 : బీఎన్ఈ అయింది
ఐఎన్‌సీ 115
అయింది: ఎల్‌డీఏ 252 : ఆర్‌టీఐ
మనదికాదు: జేఎంపీ (116)

ఆపు:
ఎస్ఈఐ
ఎల్‌డీఏ #64 : ఎస్‌టీఏ 65134
116, 117లలో ఉన్నది 516, 517లలో తిరిగి పెట్టు
సీఎల్ఐ : ఆర్‌టీఎస్

65125లో పై బైట్ రాసిన క్షణమే టైమర్ మొదలవుతుంది, కాబట్టి కింది బైట్ ముందే రాయాలి. హ్యాండ్లర్‌లో 65124ను చదివేది విలువ కోసం కాదు, ఇంటరప్ట్ జెండా దిగడం కోసం. ఆ ఒక్క వరుస మరిచిపోతే కీబోర్డు చచ్చిపోయినట్టు ఉంటుంది, బ్రేక్ నొక్కడం తప్ప దారి ఉండదు. ఇంటరప్ట్ రాగానే ఆపరేటింగ్ సిస్టమ్ ఏ విలువను 252లో దాచి మన దగ్గరికి వస్తుంది, అందుకే బయటపడేముందు అక్కడినుంచి తెచ్చుకుంటున్నాం. ఎక్స్, వైలను మనం ముట్టుకోలేదు. ముట్టుకుంటే దాచాలి.

పాత వెక్టర్‌ను జీరో పేజీలోనే పెట్టడానికి కారణం ఉంది. ఈ యంత్రం ప్రాసెసర్ 6502లో జేఎంపీ పరోక్ష ఆదేశానికి ఒక లోపం ఉంది. వెక్టర్ పేజీ చివరి బైట్‌లో మొదలైతే రెండో బైట్‌ను తర్వాతి పేజీ నుంచి కాక అదే పేజీ మొదటి నుంచి తెస్తుంది. డిమ్ ఇచ్చిన చోటు ఎక్కడ పడుతుందో మన చేతిలో లేదు. నిన్న నడిచిన ప్రోగ్రాం ఇవాళ ఒక రిమ్ (వ్యాఖ్య) వరుస చేర్చగానే వేలాడిపోతే ఇదేమో చూడండి.

518లోని రెండో వెక్టర్ వాడమని మర్యాద తెలిసినవాళ్లు చెబుతారు. తప్పు కాదు. కానీ అక్కడికి చేరేలోపు ఆపరేటింగ్ సిస్టమ్ తన చిప్పులన్నీ చూసుకుని, రోమ్‌లను కూడా అడిగి వస్తుంది. సెకనుకు 1000 సార్లు ఆ భారం ఎందుకు? పైన రాసిన హ్యాండ్లర్‌కు ఒక్కసారికి సుమారు 30 మైక్రోసెకన్లు పడుతుంది, అంటే యంత్రం సమయంలో నూటికి మూడు వంతులు. 100 మైక్రోసెకన్ల టిక్కు పెట్టారంటే మూడో వంతు దాకా అదే తినేస్తుంది. 1 మిల్లీసెకను దగ్గర ఆగండి.

6. లెక్కను చదవడం

112 నుంచి నాలుగు బైట్లను బేసిక్‌తో నేరుగా చదవకండి. రెండు బైట్లు చదివాక ఇంటరప్ట్ వచ్చి 255 దాటి 256 అయితే సగం పాతది, సగం కొత్తది చేతికొస్తుంది. ఎప్పుడో ఒకసారి 256 తేడాతో వచ్చే విచిత్రమైన ఫలితం ఇదే. ఎస్ఈఐ పెట్టి నాలుగు బైట్లను 120–123లోకి నకలు తీసి, సీఎల్ఐ, ఆర్‌టీఎస్‌తో ముగిసే చిన్న రొటీన్ రాసి, కాల్ చేసి, ఆ నకలును చదవండి. ఇదే చిక్కు తప్పించడానికే ఆపరేటింగ్ సిస్టమ్ కూడా తన గడియారాన్ని రెండు నకళ్లుగా ఉంచి, ఒకదాన్ని మారుస్తూ రెండోదాన్ని చదవనిస్తుంది. అందుకే టైమ్ ఎప్పుడూ చిరిగిన విలువ ఇవ్వదు.

ఎక్కువమంది గమనించని ఇంకో సంగతి. స్పేస్ బార్ నొక్కితే మొదలు, మళ్లీ నొక్కితే ఆపు అని రాసి మిల్లీసెకన్లు చూపిస్తే ఆ చివరి అంకె అబద్ధం. కీబోర్డును ఆపరేటింగ్ సిస్టమ్ తన 10 మిల్లీసెకన్ల టిక్కులతో చూసుకుంటుంది. నిజంగా మిల్లీసెకను కావాలంటే యూజర్ పోర్టు 6వ పిన్నుకూ 5వ పిన్నుకూ మధ్య స్విచ్ పెట్టి, హ్యాండ్లర్‌లోనే 65120ను చదివి మొదటి బిట్ సున్నా అయిన క్షణంలో లెక్కను దాచండి. స్విచ్ పలక కొన్ని మిల్లీసెకన్లు ఎగిరెగిరి పడుతుంది, మొదటి తాకిడినే లెక్కలోకి తీసుకుని కాసేపు మిగతావాటిని వదిలేయండి. 1, 3 పిన్నుల్లో 5 వోల్టులుంటాయి, వాటిని 5వ పిన్నుకు తగలనివ్వకండి.

7. ఇంకా జరిగే తప్పులు

"మొదలు" రొటీన్‌ను రెండుసార్లు పిలవడం. రెండోసారి పాత వెక్టర్‌గా మన హ్యాండ్లరే దాచబడుతుంది. మనది కాని ఇంటరప్ట్ రాగానే అది తనలోకే తాను దూకుతూ ఉండిపోతుంది. 516, 517లలో ఇప్పటికే మన చిరునామా ఉందేమో చూసి, ఉంటే ఏమీ చేయకుండా ఆర్‌టీఎస్ అయ్యేలా రాయండి.

టైమర్ నడుస్తుండగా ప్రోగ్రాం వరుసలు మార్చడం. డిమ్ చోటు ప్రోగ్రాం వెనకే ఉంటుంది, మార్చగానే కోడ్ మీద ఇంకేదో పడుతుంది, యంత్రం బిగుసుకుపోతుంది. ఎస్కేప్ నొక్కినా "ఆపు" పిలిచేలా ఆన్ ఎర్రర్ వరుస పెట్టడం ప్రోగ్రాంలో మొదటి పని కావాలి. ఈవెంట్ వాడితే అక్కడ స్టార్ ఎఫ్ఎక్స్ 13,5. బ్రేక్ నొక్కితే వెక్టర్లన్నీ అసలు స్థితికి పోతాయి, ఓల్డ్ కొట్టి మళ్లీ రన్ చేయండి.

రెండో ప్రాసెసర్ తగిలించి ఉంటే పైన రాసిన నేరు చిరునామాలేవీ చిప్పుకు చేరవు. దాన్ని ఆపి పని చేయండి.

8. సరిచూసుకోవడం

ముందు యంత్రం లోపలే. మన లెక్కా, టైమ్ కూడా ఒకే 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ నుంచి పుట్టినవే. కాబట్టి టైమ్ 1 పెరిగితే మన లెక్క 10 పెరగాలి, అటూ ఇటూ కాకూడదు. మొదట రెండింటి విలువలూ రాసుకోండి. తర్వాత లెక్కలో పెరిగినదాని నుంచి, టైమ్‌లో పెరిగినదాన్ని 10తో గుణించి తీసేయండి. ఫలితం కొద్దిగా ఊగవచ్చు, కానీ పెరుగుతూ పోకూడదు. పెరుగుతోందంటే తప్పు కోడ్‌లోనే: 998 బదులు వేరే సంఖ్య, లేదా ఎక్కడో ఇంటరప్ట్‌లు ఎక్కువసేపు ఆగడం. టైమర్ ఒక్క జెండానే ఎత్తగలదు, మిల్లీసెకనులోపు చూడకపోతే ఆ టిక్కు పోయినట్టే. తెర జరుగుతుండగా, సౌండ్ మోగుతుండగా, డిస్క్ చదువుతుండగా కూడా ఈ పరీక్ష చేయండి. ఖాళీగా కూర్చున్న యంత్రం మీద నెగ్గిన టైమర్‌ను నమ్మలేం.

తర్వాత మల్టీమీటర్. 65122లో 128 వేసి, 65131లో 64 బదులు 192 కలపండి. యూజర్ పోర్టు 20వ పిన్ను మిల్లీసెకనుకోసారి తిరగబడుతుంది. 19వ పిన్నుకూ దానికీ మధ్య 500 హెర్ట్జ్ రావాలి. 499 వచ్చిందంటే +2 మరిచిపోయారు.

బడి పిల్లలకు చూపించాలంటే మీటరు దారానికి బరువు కట్టి చిన్న కోణంలో ఊపండి. పోయి వచ్చేందుకు సుమారు 2.01 సెకన్లు పడుతుంది. 20 ఊపులకు 40 సెకన్ల మీద కొంచెం వస్తే టైమర్ పనిచేస్తున్నట్టు.

చివరిది ఫోను. ఎమ్యులేటర్‌కు ఇది కుదరదు, అది నడిచేది మీ కంప్యూటర్ గడియారం మీద. చేతితో స్టాప్‌వాచ్ నొక్కడంలో ఐదో వంతు సెకను తేడా వస్తుందనుకుంటే, గంట పరీక్షలో అదే పది లక్షలకు 55 వంతులు. మంచి క్రిస్టల్ తేడా అంతకంటే తక్కువే ఉండొచ్చు. అందుకే 12 గంటలు నడపండి, అప్పుడు చేతి తప్పు పది లక్షలకు 5 వంతులకు దిగుతుంది. కరెంటు పోకుండా ఇన్వర్టర్ మీద పెట్టుకోండి.

యంత్రం రోజుకు 4 సెకన్లు వెనకబడుతోందని తేలిందనుకోండి. రోజులో 8 కోట్ల 64 లక్షల మిల్లీసెకన్లు, వాటిలో 4000 తక్కువ. అంటే ప్రతి 21,600 టిక్కులకు ఒకటి కలపాలి. ఈ సవరణ హ్యాండ్లర్‌లో పెట్టకండి. నకలు చదివాక బేసిక్‌లో, లెక్కను 21600తో భాగించి వచ్చినదాన్ని కలిపితే చాలు. వేడికి క్రిస్టల్ వేగం కొద్దిగా మారుతుంది కాబట్టి మే నెల మధ్యాహ్నం తీసిన సంఖ్యను సంక్రాంతి చలికి వాడకండి. రెండు కాలాల్లోనూ విడిగా కొలిచి, ప్రోగ్రాం మొదటి వరుసల్లో రెండు సంఖ్యలూ రాసి పెట్టుకోండి.